మూడు బేసిన్లు, ఒక మిరప కుప్ప

ఫిబ్రవరి 18, మంగళవారం. మధ్యాహ్నం అన్నాల తర్వాత మొదటి పీరియడు.

ఉన్నవాళ్లు: తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై ఆరుగురు. (రానివాళ్లు తొమ్మిది మంది, మిరప కోతలకు వెళ్లారు.) సైన్సు టీచరు గారు. బడిలో అన్నం వండే ఆవిడ, తన బేసిన్లు మూడూ తిరిగి తీసుకుపోవడానికి గుమ్మంలో నిలబడి ఉంది. నేను.

ఆకాశం మబ్బు. గాలి లేదు. గదిలో 27 డిగ్రీలు.

డైరీలో ఆ రోజు పేజీ ఇక్కడిదాకా నా మామూలు చేతిరాతలో ఉంది. ఇది క్లాసు మొదలవకముందే రాసుకున్నది. దాని కింద అంకెలు మాత్రం మోకాలి మీద పెట్టుకుని రాసినట్టు వంకరగా ఉన్నాయి. నిజంగానే మోకాలి మీద పెట్టుకుని రాశాను, ఒక కల్లంలో కూర్చుని. ఆ రెండు రాతలకూ మధ్య ఏం జరిగిందో ఇప్పుడు వరసగా రాస్తున్నాను.

నేను ఉపాధ్యాయుణ్ణి కాను. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ముప్పై నాలుగేళ్లు మెషిన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత అద్దంకి వైపున్న మా ఊరికి వచ్చేశాను. గంటగంటకూ చాంబర్లలో ఉష్ణోగ్రత చూసి లాగ్‌బుక్కులో రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చి డైరీ అయింది. మా ఊరి హైస్కూలు సైన్సు టీచరు గారు సంక్రాంతి సెలవులు అయ్యాక ఒకరోజు ఇంటికి వచ్చి అడిగారు: "పాఠం ఉంది గానీ చేసి చూపించడానికి ల్యాబులో ఏమీ లేదు బాబాయ్ గారూ. ఒకటే థర్మామీటరు మంచిది. మీరేమో వేడితో, చలితో కాపురం చేసిన మనిషి. మంగళవారం మంగళవారం వచ్చి పిల్లల చేత ఏదైనా చేయించండి."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్న రోజు నుంచి సోమవారాలు నాకు అన్నం సహించడం మానేసింది. యంత్రం ముందు నిలబడటం వేరు, ముప్పై జతల కళ్ల ముందు నిలబడటం వేరు. యంత్రం నవ్వదు.

మొదటి మంగళవారం సైకిలు పంపు పట్టుకెళ్లాను. మూతిని వేలితో గట్టిగా మూసి ఇరవైసార్లు కొట్టమన్నాను. పంపు అడుగున చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. పొయ్యి లేదు, ఎండ లేదు, వేడి ఎక్కణ్ణించి వచ్చిందిరా అని అడిగాను. "కొట్టినోడి ఒంట్లోంచి సార్" అన్నాడొకడు. అందరూ నవ్వారు గానీ అది తప్పు జవాబు కాదు. వాడు పెట్టిన శ్రమే లోపల గాలికి వేడిగా చేరింది.

రెండో మంగళవారం రెండు ఐసు ముక్కలు తెప్పించాను. ఒకటి పళ్లెంలో ఊరికే పెట్టాను, ఒకటి దూదిలో చుట్టాను. ఏది ముందు కరుగుతుందని అడిగితే దాదాపు అందరూ దూదిలోదే అన్నారు. పత్తి వేడి గదా సార్, దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉండదా అన్నారు. పీరియడు అయిపోయేసరికి పళ్లెంలోది నీళ్లయింది. దూదిలోది గోళీకాయంత మిగిలింది. మా నాన్న దూదేకి పరుపులు కుట్టిన మనిషి. ఆయన మూట విప్పినప్పుడల్లా లేచే ఆ తెల్లటి దుమ్ములో పెరిగాను కాబట్టి దూది సంగతి నేను ధైర్యంగానే చెప్పాను: "దూది వేడి పుట్టించదు. లోపలి వేడిని బయటికి పోనివ్వదు, బయటి వేడిని లోపలికి రానివ్వదు. అంతే."

మూడో మంగళవారం మూడు బేసిన్ల ప్రయోగం. ఒకదాంట్లో చేయి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు, ఒకదాంట్లో ఐసు వేసిన నీళ్లు, మధ్యదాంట్లో గోరువెచ్చనివి. ఒక చెయ్యి వేడిలో, ఒక చెయ్యి చల్లటిదాంట్లో నిమిషం ఉంచి, రెండూ కలిపి మధ్య బేసిన్లో పెట్టాలి. అవే నీళ్లు ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వేడిగా తోస్తాయి. చెయ్యి ఉష్ణోగ్రతను కొలవలేదని పిల్లలకు తెలియాలి.

ఆదివారమూ సోమవారమూ ఇంట్లో మూడుసార్లు చేసి చూశాను. మా ఆవిడే నా విద్యార్థిని. "రిటైరయ్యాక కూడా నా చేతులు వేడినీళ్లలోనేనా?" అంటూనే పెట్టింది. ప్రయోగం మూడుసార్లూ కుదిరింది. కావలసినవన్నీ కాగితం మీద రాసుకున్నాను: బేసిన్లు మూడు, వేడినీళ్లు 42 డిగ్రీలు, ఐసు, తువ్వాలు రెండు, గడియారం, థర్మామీటరు. ఆ చిట్టా ఇప్పటికీ డైరీలో మడత పెట్టి ఉంది. అందులో లేనిది ఒకటే. ఎవరి చేతులు అన్నది లేదు.

మొదట ఇద్దరు అబ్బాయిలు వచ్చారు. అనుకున్నట్టే జరిగింది. "ఏరా, ఒకే నీళ్లు గదరా, ఎవుర్నిరా మోసం చేస్తన్నావు?" అని వెనకబెంచీ వాళ్లు ఎగతాళి చేశారు. నాకు కాస్త ఊపిరాడింది. ఆడపిల్లల్లో ఎవరైనా రండి అన్నాను. మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. అంతకుముందు రెండు మంగళవారాల్లోనూ ఒక్క మాటా మాట్లాడని పిల్ల.

కుడిచెయ్యి వేడినీళ్లలో పెట్టీ పెట్టగానే వెనక్కి లాగేసింది. మళ్లీ పెట్టమన్నాను. పళ్లు బిగించి పెట్టింది. నిమిషమయ్యాక రెండు చేతులూ మధ్య బేసిన్లో ముంచి, "రెండూ మండుతున్నాయండి" అంది.

"రెండూ ఒకటే ఎట్లా అవుతాయమ్మా? సరిగ్గా చూసి చెప్పు."

"రెండూనండి. చల్లనీళ్లలో పెట్టింది తక్కువ, ఇదేమో ఎక్కువ. మంటేనండి రెండూ."

క్లాసు నవ్వింది. టీచరు గారు నా ముఖం చూశారు. ఆ క్షణంలో నేనన్న మాట నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది: "వేళాకోళం చెయ్యమాక. నువ్వు వెళ్లి కూర్చో, ఇంకొకళ్లు రండి."

గుమ్మంలోంచి వంట ఆవిడ గబగబా లోపలికి వచ్చింది. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూపించింది. గోళ్ల చుట్టూ ఎర్రగా ఉంది. వేళ్ల సందులు వాచి ఉన్నాయి.

"ఏంది సాయిబు గారూ, శనారం ఆదారం మిరపకాయలు కోసి, నిన్న తాలుకాయలు ఏరిన చేతులయ్యా ఇయ్యి! వాటిని తీసకపోయి ఏణ్ణీళ్లలో పెట్టిచ్చావా? అన్నేళ్లు మిరపకాయల కొట్లో పనిజేశానంటావు!"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. మిరప ఘాటు నీళ్లతో పోదనీ, వేడినీళ్లు తగిలితే ఇంకా రేగుతుందనీ నాకు తెలియనిది కాదు. కోల్డ్ స్టోరేజీలో హమాలీలు సాయంత్రం పని దిగాక, ముందు చేతులకు నూనె రాసి తుడుచుకుని, తర్వాతే సబ్బు ముట్టేవాళ్లు. కోతల కాలంలో, మా ఊళ్లో, పిల్లల చేతులు నీళ్లలో పెట్టించే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న నేను అడగలేదు. వంట ఆవిడ గిన్నెలో వేరుశెనగ నూనె తెచ్చి ఆ పిల్ల చేతులకు తనే రాసింది. నేను పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

ఏదో ఒకటి చెప్పి పాఠాన్ని నిలబెట్టాలి. థర్మామీటరు మధ్య బేసిన్లో ముంచి పైకెత్తాను. "ముప్పై. ఈ నీళ్లు అబ్బాయి ఎడమచేతికి వేడి, కుడిచేతికి చల్లన, ఈ అమ్మాయికి మంట. గాజుపుల్లకు మాత్రం ముప్పై. వేడి మన చేతిలోకి వస్తోందా, చేతిలోంచి పోతోందా అన్నదే చెయ్యి చెప్పగలదు. ఎంత ఉందో చెప్పలేదు."

నూనె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ పిల్ల అప్పుడు లేచింది.

"అయితే మా నాన్న చెయ్యి కూడా చెప్పలేదా అండీ?"

మళ్లీ నవ్వులు. ఈసారి నేను నవ్వలేదు. ఏం సంగతని అడిగాను.

"కల్లంలో మా కాయలు కుప్పేసి ఉన్నయ్యండి. మబ్బు పట్టిందని శనివారం సాయంత్రం పట్టా కప్పారు. పొద్దునా సాయంత్రం మా నాన్న చెయ్యి లోపల పెట్టి చూసి, సల్లంగానే ఉందిలే అంటన్నాడు."

"ఎండినాయా కాయలు?"

"లేదండి. ఊపితే గింజ మోగట్లేదు."

సగం ఎండిన కాయలు, కుప్ప, పైన టార్పాలిన్ పట్టా, మూడు రోజులు. ఆ తర్వాత పీరియడు ఎట్లా ముగించానో డైరీలో లేదు.

నా ఆందోళనకు ఒక పాత కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చాంబరు ఖాళీ లేక కొన్ని సంచులు రెండు రోజులు వరండాలో పేర్చి ఉంచారు. దారిలో చినుకులు పడ్డ సరుకు. చూసి రమ్మని నన్ను పంపితే, పైవరస సంచుల మధ్య చెయ్యి దూర్చి చూసి, చల్లగా ఉందని లాగ్‌బుక్కులో "బాగుంది" అని రాశాను. విప్పే రోజుకు మధ్య వరసల్లో కాయలు తెల్లబడి, పుల్లటి వాసనతో ముద్దగట్టి ఉన్నాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆ సరుకు ఎవరిదో కూడా నాకు తెలియదు. లాట్ నంబరే తెలుసు. ఈసారి సరుకెవరిదో తెలుసు. ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని ఉంది.

టీచరు గారిని అడిగి థర్మామీటరు తీసుకున్నాను. ఇంటి దగ్గర కరెంటు వైర్లు దూర్చే ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి, నా భుజాల ఎత్తుది, ఉంది. దారం, కాస్త దూది. నాలుగున్నరకు ఆ అమ్మాయి వెంట వాళ్ల కల్లానికి వెళ్లాను.

వాళ్లది కౌలు పొలం. కుప్ప నడుము ఎత్తు, అడ్డంగా రెండు బారలకు పైనే ఉంది. పైన నీలం పట్టా, అంచుల మీద రాళ్లు. ఆ పిల్ల తండ్రి పక్కనే మంచం మీద కూర్చుని ఆకాశం వంక చూస్తున్నాడు. తల్లి రంగు చెడిన తాలుకాయలు ఏరుతోంది. సంగతి కూతురే చెప్పింది.

తండ్రి నా చేతిలోని థర్మామీటరు చూశాడు. "ఏంది సాయిబు గారూ, నా మిరపకాయలకి జరమొచ్చిందని ఈ పుల్ల చెబుద్దా?"

"చూస్తే పోయేదేముంది?"

"రోజుకి రెండుసార్లు చూస్తన్నా. ఇదిగో." పట్టా అంచు ఎత్తి చెయ్యి దూర్చాడు. "నువ్వూ పెట్టు. సల్లంగా లేదా?"

పెట్టాను. చల్లగానే ఉంది. ఒక్క క్షణం నా గుండె తేలికపడింది, ఆ వెంటనే వరండాలోని సంచులు గుర్తొచ్చాయి. మధ్య నుంచి చూడాలన్నాను. గునపంతో దారి చేసి పైపు దించాం. థర్మామీటరు బుడ్డికి దూది చుట్టి, దారం కట్టి లోపలికి వదిలాను. దూది ఎందుకని తండ్రి అడిగితే కూతురే చెప్పింది: "పైకి లాగేలోపల చల్లబడకుండా నాన్నా." పది నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాం. అంత పొడుగు పది నిమిషాలు నా ఉద్యోగంలో కూడా లేవు. ఎక్కువ రావాలని కోరుకోవాలో తక్కువ రావాలని కోరుకోవాలో నాకే తెలియలేదు.

పైకి లాగాను. నలభై ఏడు.

ఇంకోచోట దించాను. నలభై ఆరు. మూడోచోట మళ్లీ నలభై ఏడు. అంచున, ఆయన చెయ్యి పెట్టే చోట, ఇరవై తొమ్మిది. వంకరగా ఉన్న అంకెలు ఇవే.

"పుల్ల పాడైందేమో" అన్నాడు తండ్రి.

"నీ చంకలో పెట్టుకో, చూద్దాం."

ముందు ఒప్పుకోలేదు. భార్య "పెట్టుకోరాదా, సూది కాదుగా!" అనేసరికి చొక్కా గుండీ విప్పి పెట్టుకున్నాడు. అయిదు నిమిషాలు చెయ్యి ఒంటికి నొక్కిపట్టి కూర్చున్నాడు. ముప్పై ఆరు.

"అంటే నాకు జరం లేదు."

"నీకు లేదు. కాయలకుంది" అంది భార్య. ఆవిడ ఏరడం ఆపేసింది. "పట్టా కప్పబట్టే గదా ఈ వేడి?"

"పట్టా వేడి చెయ్యదమ్మా" అంది కూతురు. "దూది లాంటిదే. పచ్చి ఉంది గదా కాయల్లో, వేడి వాటిల్లోంచే పుట్టింది. పట్టా పోనివ్వలేదంతే."

నేను క్లాసులో పచ్చి సంగతి చెప్పలేదు. అది ఆ పిల్ల సొంతంగా కలుపుకున్నది. మెచ్చుకోవలసిన సమయం కాదది. తండ్రి కుప్ప వంకా, తన చేతి వంకా చూసుకున్నాడు. "రోజూ చూస్తానే ఉన్నా గదయ్యా" అన్నాడు.

"ఎంత లోపలికి పెట్టావు?"

"మోచేతి దాకా. ఇంకొంచెం పైకి."

"మధ్యదాకా పోవాలంటే రెండు చేతుల పొడవు ఉంది."

"నా చెయ్యి ఇంతే ఉందయ్యా! ఏం చెయ్యమంటావు?"

క్లాసులో చెయ్యి సరిగ్గా చెప్పలేదన్నాను. ఇక్కడ ఆయన చెయ్యి సరిగ్గానే చెప్పింది, అందిన మేరకు.

విప్పి చల్లార్చాలి అన్నాను. ఆయన అంతెత్తున లేచాడు. "పైన చూశావా ఎట్టా ఉందో? ఇప్పి ఆరుబైట పోశాక నాలుగు చినుకులు పడితే? ఈ ఏడు నా సేద్యమంతా ఈ కుప్పే. వానొస్తే నువ్వు పట్టుకుంటావా గొడుగు?"

ఆయన భయం న్యాయమైనదే. విప్పితే వాన, విప్పకపోతే కుళ్లు. నేను చెప్పిన మాట మీద తడిస్తే ఆ తప్పు నాదే. ఆకాశాన్ని కొలిచే పుల్ల నా దగ్గర లేదు. చాంబర్లలో సంచుల వరసల మధ్య గాలి ఆడటానికి సందు వదలడం గుర్తొచ్చింది. ఆరుబయట పోయొద్దు అన్నాను. కుప్పను పగలగొట్టి మోకాలి ఎత్తున సన్నటి గట్లుగా పోద్దాం. పట్టా కాయల మీద పరవకుండా మంచాలూ కర్రలూ నిలబెట్టి పైకెత్తి కడదాం, పక్కలు తెరిచి ఉంచుదాం.

నిర్ణయం భార్య చేసింది. చెంగు నడుముకు దోపుకుని, "మంచాలు తేపో" అంది కూతురితో.

పక్క కల్లం వాళ్లు ఇద్దరొచ్చారు. "ఏరా, పెళ్లిపందిరా?" అని కేక వేస్తూనే కర్రలు పాతారు. మధ్యకు వచ్చేసరికి పార గుచ్చిన చోట సన్నగా ఆవిరి లేచింది. దాంతో పాటే పుల్లటి వాసన. ముప్పై ఏళ్లు దాటినా మరిచిపోని వాసన. తండ్రి ఆ వేడికాయలు గుప్పెట పట్టుకుని, వదిలేసి, మరింత తొందరగా పార వేయడం మొదలుపెట్టాడు. ఎంత పాడయిందో ఆ మసక వెలుతురులో తెలియలేదు. దీపాలు పెట్టే వేళకు పని అయిపోయింది. థర్మామీటరు ఆ పిల్లకు ఇచ్చి, గట్ల మధ్యలో పెట్టి అప్పుడప్పుడూ చూసి రాయమన్నాను. ఇంటికి వచ్చాక డైరీలో ఒకే వాక్యం రాశాను: "చినుకులు మొదలయ్యాయి, నేను చెప్పకుండా ఉండవలసిందా?"

మర్నాడు బుధవారం. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని నేరుగా కల్లానికి నడిచాను. మంచు పట్టి నాలుగడుగుల ముందు ఏమీ కనపడటం లేదు. రోడ్డు తడిగా ఉంది. అది మంచు తడో వాన తడో పోల్చుకోలేక, వంగి వేలితో ముట్టి చూశాను. చెయ్యి అదీ చెప్పలేదు.

తండ్రి పట్టా మీద నిలిచిన నీళ్లను కర్రతో తోసి పక్కకు జారుస్తున్నాడు. కింద కాయలు పొడిగా ఉన్నాయి. ఒక మూల మాత్రం జల్లు కొట్టి తడిసింది. నన్ను చూసి తలతో గట్ల వైపు చూపించాడు. ఆ పిల్ల నోటుపుస్తకం చివరి పేజీ తీసి ఇచ్చింది. గంటలు ఒక పక్క, డిగ్రీలు ఒక పక్క. 41, 37, 33. మధ్యలో నిద్రపోయిన చోట ఖాళీ వదిలి, ఖాళీ అని రాసింది. చివరి అంకె 24. బయట గాలి 23.

"నిన్న నీ మీద విసుక్కున్నానమ్మా. తప్పు నాది" అన్నాను.

"పర్లేదండి. ఇవాళ కూడా మండుతున్నయ్" అని చేతులు చూపించి నవ్వింది. నూనె జిడ్డుకు పుస్తకం అంచులు మెరుస్తున్నాయి.

తల్లి మూడు గంపలు నా ముందుకు జరిపింది. మధ్యలోంచి ఏరినవి. తెల్లబడిపోయి, చుట్టూ బూజు పట్టి ఉన్నాయి. "ఇయ్యి పోయినియ్. మిగతావి ఎండ కాస్తే దక్కుతయ్" అంది. ఆ తర్వాత, కోపం లేకుండానే, "మీ పాఠం ఆదివారం చెప్పి ఉంటే ఇవీ దక్కేవి గదయ్యా" అంది.

నేను ఆ గంపల దగ్గరే కూర్చున్నాను. ఎనిమిదిన్నర దాటాక మంచు పలచబడి, ఎండ ముందు కల్లం చివర పడి, నెమ్మదిగా గట్ల మీదికి వచ్చింది. తండ్రి కట్లు విప్పి పట్టా లాగేశాడు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి, తల అడ్డంగా ఊపాడు. ఇంకా మోగడం లేదు. ఇంకో మూడు ఎండలు కావాలి.

"ఆ పైపు ఉంచి పో సాయిబు గారూ" అన్నాడు. "పుల్ల బళ్లోదంటగా. అది మా పిల్ల సాయంత్రం తెచ్చిస్తది. ఇయ్యాల బడికి రాదని టీచరమ్మకు చెప్పు. కాయలు తిప్పాల."

బడికి వెళ్లి చెప్పాను. టీచరు గారు హాజరు పుస్తకంలో ఆ పిల్ల పేరు ఎదురుగా ఆబ్సెంట్ వేశారు.